పన్నెండు ఫలకాల చట్టం రోమ్ సామాన్యులకు ఏం ఒరగబెట్టింది?

చట్టాలు రాసిపెట్టమని ప్లెబియన్లు, అంటే రోమ్ సామాన్యులు, అంత గొడవ చేస్తే, తీరా వచ్చినవి వాళ్ళ మెడకే చుట్టుకున్నాయి కదా, మరి లాభమేంటి అని అడిగారు. నేను సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా డబ్బు వసూలు ఈపీలే, అంటే తీర్పును అమలు చేయించమని వేసే పిటిషన్లే. అందుకే ఆ పన్నెండింటిలో అప్పుల సంగతి చెప్పే మూడో ఫలకం గురించే చెబుతాను.

క్రీ.పూ. 451-450లో రాసిన ఈ చట్టం ప్రకారం, అప్పు రుజువై తీర్పు వచ్చాక 30 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే, పూచీ పడేవాడు లేకపోతే, అప్పిచ్చినవాడు బాకీదారును ఇంటికి లాక్కెళ్ళి సంకెళ్ళు వేయొచ్చు. బాకీదారు తన తిండి తాను తెచ్చుకోలేకపోతే రోజుకు ఒక పౌండు ధాన్యం అప్పిచ్చినవాడే ఇవ్వాలి. అలా 60 రోజులు. ఆలోపు వరుసగా మూడు సంత రోజుల్లో జనం మధ్యకు తెచ్చి బాకీ ఎంతో చాటాలి. ఎవరూ ఆదుకోకపోతే చంపొచ్చు, లేదా టైబర్ నది అవతలికి అమ్మేయొచ్చు.

ఘోరమే, కాదనను. కానీ ఆ గడువు, ఆ ధాన్యం, ఆ మూడు సంతలు అప్పిచ్చినవాడి చేతులు కూడా కొంత కట్టేస్తాయి. మన దగ్గర ఇప్పటికీ బాకీదారును సివిల్ జైలుకు పంపాలంటే అతని తిండి బత్తా డిక్రీదారే, అంటే కేసు గెలిచినవాడే, కట్టాలి. ఆ మాట చెప్పగానే "వాడికి తిండి కూడా నేనే పెట్టాలా సార్?" అంటారు క్లయింట్లు. కొందరు అక్కడితో జైలు ఊసే వదిలేస్తారు.

అయితే రాసిపెట్టినంత మాత్రాన కోర్టు తలుపులు తెరుచుకోలేదు. ఏ రోజు దావా వేయొచ్చో, ఏ మాటలతో వేయాలో పూజారుల గుప్పిట్లోనే ఉండిపోయింది. వాళ్ళలో ప్లెబియన్లకు చోటే లేదు, క్రీ.పూ. 300 దాకా. కేసు తెలిసినా వాయిదా తెలియకపోతే ఏం లాభం?

కులీనులకు, ప్లెబియన్లకు మధ్య పెళ్ళిళ్ళ మీద ఈ చట్టంలో ఉన్న నిషేధం క్రీ.పూ. 445లోనే పోయింది, అప్పుకు మనిషిని కట్టేసే పద్ధతిని 326లో రద్దు చేశారు. వీటికన్నా నాకు ముఖ్యమనిపించేది 304. బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు, ఫ్లావియస్ అనే గుమాస్తా, ఆ దావా మాటలను బయటపెట్టి, కోర్టు రోజుల పట్టికను తెల్లటి పలకల మీద రాయించి ఫోరమ్ చుట్టూ, అంటే జనం కూడే నగర కూడలి చుట్టూ, పెట్టించాడు. పెద్దలకు మండిపోయింది. అప్పటికే అతను ఎన్నికై పదవిలో ఉన్నాడు.