మందులు లేకుండా ఈ ఏడుపు తగ్గుతుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. మా అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. మా ఆయన చెన్నైలో పనిచేస్తారు, ఇంట్లో నేను, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. నాలుగు నెలలుగా ఊరికే ఏడుపొచ్చేస్తోంది. కూర తరుగుతున్నప్పుడు, పిల్లల్ని బడికి పంపాక, ఒక్కోసారి బస్సులో కూడా. జాకెట్లు కుట్టేదాన్ని, ఇప్పుడు మిషను మీద గుడ్డ కప్పేశాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ‘ఏటి అస్తమానూ ఆ ఏడుపు, ఇంటికి మంచిది కాదు’ అంటుంది అత్తయ్య. డాక్టరు దగ్గరికెళ్తే మత్తు మాత్రలు రాస్తారని, అవి అలవాటైపోతాయని భయం. మందులు లేకుండా బయటపడే దారి చెప్పండి. పేరు వేయొద్దు.

జవాబు: తగ్గుతుందమ్మా, చాలామందికి తగ్గుతుంది. తేలికపాటి డిప్రెషన్‌కి మందులు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, ముందు మాట్లాడి చేసే చికిత్సే. అయితే మీది తేలికపాటిదా కాదా అని ఉత్తరం చూసి నేను తేల్చకూడదు. రెండు వారాలు దాటి దాదాపు రోజూ దిగులుంటే, దేని మీదా మనసు పోకపోతే, నిద్ర చెడితే ఒకసారి చూపించుకోవాలి, మీకు నాలుగు నెలలు అంటున్నారు. చూపించుకున్నంత మాత్రాన మాత్రలకి ఒప్పుకున్నట్టు కాదు, డాక్టరుతో ‘ముందు కౌన్సెలింగ్ కావాలి’ అని మీరే అడగొచ్చు.

అమ్మ కోసం ఏడుపు సహజం. ఆవిడ చీర కనబడితే వస్తుంది, మధ్యలో పిల్లాడు ఏదో అంటే నవ్వూ వస్తుంది, సంవత్సరీకం లోపు ఆగిపోవాలన్న గడువేమీ లేదు. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదీ రుచించక, ‘నేనెందుకూ పనికిరాను’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటుంటే అది డిప్రెషన్ వైపు వెళ్తున్నట్టు. మీ ఉత్తరంలో నాకు రెండూ కనిపిస్తున్నాయి.

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, వీలైతే బీ12. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా నీరసం, దిగులు, ఏడుపు వస్తాయి, అలాంటప్పుడు మనసుకి ఎంత నచ్చజెప్పినా లాభం ఉండదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే అది కూడా చెప్పండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ‘బలానికి’ సెలైన్ పెట్టించుకుని ఊరుకోవద్దు, మన వైపు ఈ అలవాటు చాలా ఉంది, దానివల్ల డబ్బులు పోవడమే తప్ప దిగులు పోదు.

ఇప్పుడు ఆ మిషను సంగతి. మనసు బాగుపడ్డాక కుట్టుకుందాం అనుకుంటున్నారు కదా, దిగులుతో వచ్చే చిక్కే అది, పని మానేసిన కొద్దీ దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగిన కొద్దీ ఇంకా మానేస్తాం. అందుకని మనసు వచ్చేదాకా ఆగకండి, పని ముందు, మనసు తర్వాత వస్తుంది. అలాగని పేరుకుపోయిన జాకెట్లన్నీ ఈ వారంలో అయిపోవాలని పెట్టుకోవద్దు. రేపు గుడ్డ తీసి, మిషను తుడిచి, నూనె వేయండి, అంతే. ఎల్లుండి ఒక్క జాకెట్టుకి హుక్కులు. ఆ మర్నాడు ఎవరిదో ఒకరి ఆది జాకెట్టు తీసి కొలతలు చూసి గుడ్డ కత్తిరించండి, కుట్టకపోయినా ఫర్వాలేదు. మీకు ఏడుపు ఎక్కువగా వచ్చే టైమ్ పిల్లలు బడికెళ్లాక అన్నారు కాబట్టి ఈ పని సరిగ్గా ఆ టైమ్‌కే పెట్టుకోండి. మధ్యలో ఏడుపొస్తే ఏడవండి, దాన్ని బిగబట్టక్కర్లేదు, తర్వాత లేచి మొహం కడుక్కుని మళ్లీ హుక్కు దగ్గరికి రండి. డ్వాక్రా మీటింగ్‌కి వెళ్లడం మానేసి ఉంటే వెళ్లి ఓ మూల కూర్చోండి, మాట్లాడకపోయినా సరే.

మూడింటికి మెలకువ వస్తే ఫోన్ తీయొద్దు. ఎప్పుడు పడుకున్నా రోజూ ఒకే టైమ్‌కి లేవండి, పగలు పడుకోకండి, మధ్యాహ్నం తర్వాత టీ మానేయండి, పొద్దున్నే అరగంట చేలగట్ల మీద నడవండి. నడక వల్ల దిగులు తగ్గుతుందన్నది ఉబుసుపోకకి చెప్పే మాట కాదు, పరీక్షించి తేల్చిన విషయం.

అత్తయ్యగారితో గొడవొద్దు, ‘నాకు బాగోలేదు, కావాలని ఏడవట్లేదు’ అని ఒక్కసారి చెప్పి చూడండి. మీవారికి మాత్రం అంతా చెప్పాలి. ఫోన్‌లో ‘బాగానే ఉన్నాం’ అని పెట్టేస్తుంటే ఆయనకెలా తెలుస్తుంది?

మాత్రల భయం గురించి కూడా చెప్పాలి. డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లాంటివి కావు, వాటికి మనిషి బానిస అవ్వరు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. నెలా రెండు నెలలు ఇవన్నీ చేసినా తేడా లేకపోయినా, తిండి మానేసినా మొండిగా మందులు వద్దనకండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఈ రోజే వేరే ఇంట్లో పెట్టించండి. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మనసు బాధలకి ఫోన్‌లోనే సలహా చెప్పే సేవ, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులేమీ తీసుకోరు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడు ఏడవడు, కానీ ఉద్యోగం రాలేదని ఎవరితోనూ మాట్లాడట్లేదు, చిన్నదానికే కస్సుమంటున్నాడు. ఇదీ దిగులేనా? (బొబ్బిలి నుంచి ఒక అక్క)

జవాబు: అయ్యుండొచ్చు. మగపిల్లల్లో దిగులు చాలాసార్లు కోపంగా, తాగుడు అలవాటుగా బయటపడుతుంది. ‘ఏమైంది, ఎందుకలా ఉన్నావ్’ అని అందరి ముందూ నిలదీయకండి, ఇద్దరూ కలిసి ఏదైనా పని మీద బయటికెళ్లినప్పుడు మామూలుగా కదపండి. డాక్టరు దగ్గరికి రానంటే ముందు మీరే 14416కి ఫోన్ చేయండి, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు.