రోటరీ టూల్‌తో బైకు పనులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత బైకును విప్పి మళ్లీ నిలబెట్టే పనిలో ఉన్న పాఠకులు ఈసారి ఎక్కువగా చిన్న రోటరీ టూల్ గురించే అడిగారు. అరచేతిలో ఇమిడే ఈ మిషను నిమిషానికి 5,000 నుంచి 35,000 దాకా చుట్లు తిరుగుతుంది గానీ, తిప్పే బలం చాలా తక్కువ. దాని పనితనమంతా వేగంలోనే ఉంది. వచ్చిన ఇబ్బందులు చాలావరకు, దాన్ని పెద్ద గ్రైండర్‌లా నొక్కి వాడటం వల్ల వచ్చినవే.

ప్రశ్న: కటింగ్ డిస్కులు వెంటవెంటనే విరిగిపోతున్నాయి. తప్పు డిస్కుదా, నాదా?

ముందు డిస్కు రకం చూడండి. పలుచగా, గోధుమరంగులో, వలలాంటి అల్లిక ఏమీ లేకుండా ఉండేవి చిన్న చిన్న పిన్నులకు, వైర్లకు పనికొస్తాయి. బోల్టులు, బ్రాకెట్లు కోయాలంటే లోపల ఫైబర్ అల్లిక ఉన్న డిస్కే వాడాలి. అవి కూడా విరుగుతుంటే కారణం చేతి వంపు. డిస్కు తన అంచు మీద భారాన్ని మోయగలదు, పక్కకు మెలిపెడితే మోయలేదు. కోత సగంలో ఉండగా చెయ్యి కొంచెం తిరిగినా, కోస్తున్న ముక్క వంగి గాడి మూసుకున్నా డిస్కు ముక్కలైపోతుంది. అందుకే ముక్కను వైస్‌లో బిగించి, తెగి పడే భాగం బయటికి వేలాడేలా పెట్టండి. ఒకేచోట లోతుగా దించకుండా గీత పొడవునా ఒకసారి, మళ్లీ ఒకసారి, అలా పైపైన పోనివ్వండి. మోటారు శబ్దం బరువెక్కిందంటే మీరు నొక్కుతున్నారని అర్థం.

మ్యాండ్రెల్ (డిస్కును పట్టి ఉంచే చిన్న ఇరుసు) కాడను కోలెట్‌లో, అంటే మిషను మూతి దగ్గరి పట్టులో, వీలైనంత లోపలికి దించి బిగించండి. ఎక్కువ బయటికి ఉంటే అదిరి డిస్కును తినేస్తుంది. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగాన్ని దాటవద్దు. 38 మి.మీ. డిస్కు 30,000 చుట్ల దగ్గర తిరుగుతుంటే దాని అంచు సెకనుకు దాదాపు 60 మీటర్ల వేగంతో పోతుంది. విరిగిన ముక్క అదే వేగంతో వస్తుంది. కళ్లకు పక్కలు కూడా మూసే గాగుల్స్ తప్పనిసరి, ముఖం డిస్కు తిరిగే వరసలో ఉండకూడదు. కొత్త డిస్కును అర నిమిషం ఖాళీగా, మీకు ఎదురుగా లేకుండా తిప్పి చూశాకే పనిలో పెట్టండి.

ప్రశ్న: క్లచ్ కవర్ స్క్రూల ప్లస్ గాడులు అరిగిపోయాయి. మైనస్ గాడి కోసి తీయవచ్చా?

తీయవచ్చు. జపాన్ డిజైన్ బైకుల్లో ఆ గాడి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు, పైకి తన్నుకొచ్చి గాడిని అరగదీస్తుంది. మిగిలిన స్క్రూలకైనా జేఐఎస్ బిట్ వాడండి.

గాడి కోయడానికి కొత్త డిస్కు కాదు, అరిగి చిన్నదైన డిస్కు తీసుకోండి. పెద్దదైతే స్క్రూ హెడ్డుతో పాటు పక్కనున్న అల్యూమినియం కవర్‌ను కూడా కోసేస్తుంది. లోతు ఒకటిన్నర మి.మీ. చాలు. అంతకుమించితే హెడ్డు రెండుగా చీలుతుంది. వెడల్పు మీ దగ్గరున్న మైనస్ బిట్ గట్టిగా పట్టేంత ఉండాలి, అందుకని ముందు బిట్ మందం కొలుచుకుని తర్వాత కోయండి. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పెట్టి ఉంచితే మేలు. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌ను గాడిలో నిలబెట్టి సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. పది మెత్తని దెబ్బల కంటే అదే నయం.

హెడ్డు గుంటలో లోపలికి ఉండి డిస్కు అందకపోతే గాడి మానేయండి. 6 మి.మీ. స్క్రూ అయితే 6 మి.మీ. డ్రిల్‌తో హెడ్డు మధ్యలో దించితే హెడ్డు ఊడి వచ్చేస్తుంది. కవర్ తీశాక మిగిలిన కాడను లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే చాలాసార్లు సులువుగానే వస్తుంది, ఎందుకంటే హెడ్డు బిగింపు పోయింది. తిరిగి పెట్టేటప్పుడు ఆలెన్ బోల్టులు వేసుకోండి. మీ బైకు మాన్యువల్లో వేరే కొలత లేకపోతే 6 మి.మీ.వాటికి 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది.

ప్రశ్న: స్టీరింగ్ స్టెమ్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు) అడుగున బేరింగ్ లోపలి రేసు, అంటే గుండ్లు దొర్లే ఉక్కు రింగు, కదలడం లేదు. దాన్ని లాగే పుల్లర్ పట్టడానికి అంచు దొరకడం లేదు.

రోటరీ టూల్‌కు ఇంతకంటే తగిన పని ఇంకోటి లేదు. రేసు గట్టిపరచిన ఉక్కు. దాని మీద ఆకురాయి జారిపోతుంది, హ్యాక్‌సా పళ్లు పోతాయి, కటింగ్ డిస్కు మాత్రం కోస్తుంది. ముందు స్టెమ్ మరలకు టేపు గట్టిగా చుట్టండి. వదులు గుడ్డ వద్దు, మిషను దాన్ని చుట్టేసుకుంటుంది. రేసు మీద పై నుంచి కిందికి ఒకే గాడి కోయండి. గాడి అడుగున అర మి.మీ. మందం మిగిలిందనిపించినప్పుడు ఆపేయాలి. ఆ మిగిలిన పొర తెగేదాకా కోద్దామనుకుంటేనే స్టెమ్ మీద గాటు పడుతుంది. గాడిలో పదునైన ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేయండి. గట్టి ఉక్కు సాగదు, టక్కున పగులుతుంది. ఆ శబ్దం తర్వాత రేసు వదులై పైకి జారుతుంది.

స్టెమ్ మీద గీత మాత్రమే పడితే సన్న ఎమెరీ కాగితంతో నునుపు చేయండి. గోరు పట్టేంత గాటు పడితే ఆ స్టెమ్ వాడవద్దు. బండి ముందు భారమంతా అక్కడే పడుతుంది, పగులు ఆ గాటులోనే మొదలవుతుంది.

పగిలిన పాత రేసును పారేయకండి. కొత్త రేసును దించడానికి దాన్నే తలకిందులుగా పైన పెట్టి, దాని మీద పైపుతో కొట్టండి. చీలిక ఉంది కాబట్టి స్టెమ్‌కు పట్టుకోకుండా తిరిగి తేలిగ్గా వచ్చేస్తుంది. స్టెమ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, కొత్త రేసును 100 డిగ్రీల దాకా వేడిచేస్తే దెబ్బల అవసరం దాదాపు ఉండదు. కింది డస్ట్ సీల్‌ను మాత్రం రేసుకంటే ముందే ఎక్కించడం మరచిపోవద్దు.

ప్రశ్న: సిలిండర్ హెడ్ పోర్టులను (గాలి వచ్చే, పొగ పోయే దారులను) నునుపు చేస్తుంటే బర్‌కు, అంటే లోహాన్ని గీకే పళ్ల ముక్కకు, అల్యూమినియం అంటుకుపోతోంది.

మీరు వాడుతున్నది అడ్డదిడ్డంగా పళ్లున్న డబుల్ కట్ బర్ అయి ఉంటుంది. అది ఉక్కుకు. అల్యూమినియంకు పళ్ల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండే సింగిల్ కట్ కార్బైడ్ బర్ కావాలి. కొద్దికొద్దిసేపటికి బర్‌కు మైనం రాస్తుంటే లోహం అంటుకోదు. 3.2 మి.మీ. కాడ బర్‌ను పోర్టు లోపలికి పొడుగ్గా చాపి నొక్కితే కాడ వంగుతుంది, అందుకని తేలిగ్గా, ఆపకుండా కదుపుతూ ఉండండి.

ఇంతకీ ఎంత తీయాలి? పోత పోసినప్పుడు మిగిలిన ముళ్లు, గీతలు, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కూ పోర్టుకూ మధ్య మెట్టు, అంతే. పోర్టును పెద్దది చేయకండి. రంధ్రం పెరిగితే తక్కువ వేగంలో గాలి నెమ్మదించి ఇంజను కింది రేంజిలో మొద్దుబారుతుంది. తీసిన లోహం తిరిగి రాదు కూడా. గ్యాస్కెట్‌ను (రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే పొరను) అచ్చుగా పెట్టి గీత గీసుకుని ఆ గీత దగ్గర ఆగండి. వాల్వ్ సీటుకు బర్ తగలకుండా పాత వాల్వును దాని చోట ఉంచి పని చేయండి. చివర 80, తర్వాత 120 నంబరు స్యాండింగ్ డ్రమ్‌తో ముగించండి. ఇన్‌లెట్‌ను అక్కడితో వదిలేయండి, అద్దంలా మెరిపించినందువల్ల లాభం లేదు. ఎగ్జాస్ట్‌ను ఇంకా నునుపు చేసుకోవచ్చు, మసి తక్కువ పడుతుంది. తర్వాత వేడి సబ్బునీళ్లతో, బ్రష్షుతో వాల్వ్ గైడ్ల లోపలికి కూడా కడిగి గాలి కొట్టండి.

ప్రశ్న: ఇంజను కేసింగ్ మీద అంటుకున్న పాత గ్యాస్కెట్‌ను గరుకు చక్రంతో గీకేయవచ్చా?

వద్దు. చక్రం నుంచి రాలే గరుకు రేణువులు బేరింగుల్లోకి పోతే ఇంజను లోపలి నుంచి అరుగుతుంది. పైగా జత కూడే ముఖం మీద కంటికి కనపడని గుంటలు పడి నూనె కారుతుంది. గ్యాస్కెట్ రిమూవర్ రాసి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపిగ్గా తీయండి. మ్యాగ్నెట్ కవర్ తీసి ఉంటే ఆ దగ్గర్లో ఉక్కు కోయడం కూడా మానండి. ఫ్లైవీల్ అయస్కాంతాలు రజనును పట్టుకుని వదలవు.

ప్రశ్న: పెట్రోల్ ట్యాంకు మూత చుట్టూ తుప్పును వైర్ బ్రష్‌తో తీయాలనుకుంటున్నాను.

ట్యాంకు బండి మీద ఉండగా, లోపల ఆవిరి ఉండగా ససేమిరా వద్దు. మిషను మోటారులో కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల దగ్గరే నిప్పురవ్వలు పుడతాయి. ఖాళీ చేసిన ట్యాంకులో కూడా ఆవిరి మిగిలే ఉంటుంది. అక్కడ చేత్తో ఎమెరీ కాగితమే వాడండి. వేరేచోట తుప్పుకు వైర్ బ్రష్ వాడినా 15,000 చుట్లు దాటించవద్దు, తీగలు ఊడి సూదుల్లా వస్తాయి.

ప్రశ్న: మిషను బలం తగ్గింది, వాసన వస్తోంది, బాడీ కాలుతోంది.

గాలి రంధ్రాల్లో లోహపు పొడి చేరి ఉంటుంది. ప్లగ్ తీసి, గాగుల్స్ పెట్టుకుని గాలి కొట్టండి. తర్వాత కార్బన్ బ్రష్షులు బయటికి తీయండి. పొడవు 3 మి.మీ. కంటే తగ్గినా, రాసుకునే ముఖం గుంటలు పడినా రెండూ కలిపి మార్చండి. కొత్తవి వేశాక ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పితే ముఖం సరిగ్గా కూర్చుంటుంది. ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ (మిషనుకు తగిలించే వంగే పొడిగింపు) తగిలించి వాడేవాళ్లు దాన్ని ముడతపడేంత వంచకూడదు. వంపు దగ్గర వేడెక్కుతోందంటే లోపలి తీగకు గ్రీజు ఆరిపోయింది. తీగను బయటికి లాగి, తుడిచి, పలుచగా గ్రీజు పూసి తిరిగి పెట్టండి.