పాదిరికీ పాదానికీ చుట్టరికం ఉందా?

సందేహం: క్రైస్తవ మతబోధకుణ్ణి మా ఊరి పెద్దవాళ్లు పాదిరి అనేవారు. మేం పాస్టర్ అంటాం. పత్రికల్లో ఫాదర్ అని కూడా కనిపిస్తుంది. కాలినడకన ఊరూరా తిరిగేవాళ్లు కాబట్టి 'పాదచారి' అన్న మాటే పాదిరి అయిందని ఒకరు చెప్పారు. నిజమేనా? ఈ మూడూ ఒకటేనా? పాదిరి అంటే అమర్యాదా?

సమాధానం: పాదచారి కథ వినడానికి బాగుంది గానీ నిలవదు. మధ్యలో ఉన్న 'చా' ఎటు పోయిందో చెప్పలేం. పాదిరి పోర్చుగీసు వాళ్ల 'పాద్రె'. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరానికి చేరిన తర్వాత ఆ దేశపు ఓడల్లో మతగురువులూ వచ్చారు, వాళ్లతో పాటు ఈ పిలుపూ వచ్చింది. చంద్రుణ్ణి చందురుడు చేసుకున్న నోళ్లకు పాద్రెను పాదిరి చేసుకోవడం ఎంత పని? మేస్త్రీ, ఇస్త్రీ, బొత్తాం, అల్మారా కూడా ఆ భాష నుంచి వచ్చినవే. తమిళంలో పాదిరి అనే చెట్టొకటి ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

పాద్రె అంటే తండ్రి. లాటిన్ 'పాతెర్' దీనికి మూలం. మన 'పితృ', ఇంగ్లీషు 'ఫాదర్' దానికి దాయాదులు. అంటే పాదిరికీ ఫాదర్‌కూ అర్థం ఒకటే, వాడుక మాత్రం ఒకటి కాదు. కతోలికుల మాటగా వచ్చిన పాదిరి తెలుగునాట ప్రొటెస్టెంటు బోధకులకూ అంటుకుంది. 19వ శతాబ్దంలో మన పల్లెలకు వచ్చిన బాప్టిస్టు, లూథరన్ మిషనరీలనూ జనం పాదిరులనే అన్నారు, దొరలనీ అన్నారు. ఇక ఫాదర్ అన్నది తెలుగునాట సాధారణంగా కతోలిక గురువుకే చెల్లుతుంది. ఆయన పెళ్లి చేసుకోడు. 'ఫాదర్ దంపతులకు సన్మానం' అని వార్త రాస్తే, చదివిన కతోలికులు నవ్వాలో ఏడవాలో తెలియక తికమక పడతారు. వాళ్ల వాడుకలో ఆయన 'గురువులు', ఆయన పాలనలోని ప్రాంతం 'విచారణ', ఊళ్లో ప్రార్థన నడిపే గృహస్థు 'ఉపదేశి'.

పాస్టర్ వేరు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం గొర్రెల కాపరి. మేపడం అనే క్రియ నుంచి పుట్టింది. తెలుగు బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రికలో 'కాపరులనుగాను' అని ఉన్నది దీనికే, 'సంఘకాపరి' అనే చక్కని మాటా అక్కణ్ణుంచే. దీన్ని 'ఫాస్టర్' అని రాసేవాళ్లు ఎందరో! ఫాదర్‌ను చూసి వత్తు తగిలిస్తున్నారేమో. ఆ వత్తుతో అది 'ఇంకా వేగంగా' అనే ఇంగ్లీషు మాటవుతుంది.

మీరు అడగకపోయినా బిషప్ గురించి చెప్పక తప్పదు, అంత రుచైన మాట అది. గ్రీకులో 'ఎపిస్కొపోస్'. 'ఎపి' అంటే పైన, 'స్కొపోస్' అంటే చూసేవాడు. ఈ రెండో ముక్క సంస్కృతంలో చూస్తాడనే అర్థమున్న 'పశ్యతి'కీ, వేగులవాడనే అర్థమున్న 'స్పశుడి'కీ బంధువు. తెలుగు బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక తెరిస్తే బిషప్ అన్న చోట 'అధ్యక్షుడు' అని ఉంటుంది. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. ముక్కకు ముక్క సరిపోయింది! సభాధ్యక్షులకు అలవాటుపడి ఈ మాటలోని కన్నును మనం మరిచిపోయాం గానీ, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అధ్యక్షులంటే పర్యవేక్షకులే. వ్యవసాయం చూసుకునేవాడు సీతాధ్యక్షుడు. బైబిల్ అనువాదకులు ఈ మాట ఎంచుకోవడం చూస్తే వాళ్ల సంస్కృతం గట్టిదే అనిపిస్తుంది.

ఇంగ్లీషులో ఇవాంజెలిస్ట్ అనే 'సువార్తికుడు' కూడా అలాంటిదే. గ్రీకు 'యూ' మన 'సు', 'అంగెలియా' వార్త. ధర్మం ధార్మికుడైనట్టు ఇది సౌవార్తికుడు కావాలి కదా అని వ్యాకరణం తెలిసినవారు అడగవచ్చు. ధనం ధనికుడైనప్పుడు మొదటి అచ్చు మారలేదు కదా అని నేనంటాను. రూఢి అయిన మాటను దిద్దబోవడం నాకిష్టం ఉండదు. 'రెవరెండ్' మాత్రం పదవి కాదు, 'పూజనీయ' అనే విశేషణం. పేరుకు ముందు పెట్టాలి. ఉత్త 'రెవరెండ్ గారు' అనడం 'పూజనీయ గారు' అన్నట్టుంటుంది.

ఇక మర్యాద సంగతి. పాదిరి పుట్టుకలో అమర్యాద ఏమీ లేదు, తండ్రి అనే పిలుపే కదా! అయితే ఇప్పుడు కొందరు దాన్ని ఈసడింపుగా పలుకుతున్నారు, అందుకే చాలామంది సంఘకాపరులకు నచ్చదు. పరాయి ముద్ర పడకూడదన్న జాగ్రత్త పాతదే. 17వ శతాబ్దంలో మదురైలో ఉన్న ఇటలీ గురువు రాబర్ట్ డి నొబిలి తాను పరంగి (అంటే పోర్చుగీసువాడు) కానని చెప్పుకుని, కాషాయం కట్టి, తత్త్వబోధకుడన్న పేరుతో చెలామణి అయ్యాడు. ఎదుటపడి పిలవడానికి ఊళ్లలో వినిపించే 'అయ్యగారు' అన్నిటికన్నా హాయి. పోస్టర్ల మీద కనిపించే 'దైవజనులు' కూడా బైబిల్ మాటే, ఎలీషా ప్రవక్తను అలాగే పిలిచారు. అచ్చువేసేటప్పుడు మాత్రం జాగ్రత్త: 'దైవజ్ఞులు' అని పడితే ఆయన జ్యోతిష్కుడైపోతాడు.