ఉపవాసం మానండి, తమ్ముడింటికి వెళ్ళండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు రాశారు. చర్చి సంఘంలో డీకన్, అంటే పాస్టర్‌గారికి తోడుండే పెద్ద. తాతగారు కెనడియన్ బాప్టిస్టు మిషనరీల చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నారట. తనకి తాగుడు లేదు, అప్పు లేదు, రాబడిలో చర్చికిచ్చే దశమభాగం ఎన్నడూ ఎగ్గొట్టలేదు. తిత్లీ తుఫాను తర్వాత తమ్ముడు తన వాటా జీడితోట అమ్ముతానంటే అప్పటి రేటుకి తనే కొన్నారు. తమ్ముడు చెన్నై కూలికెళ్ళి తిరిగొచ్చాడు గానీ, ఇద్దరికీ మాటల్లేవు. ఈమధ్య మాస్టారికి నిద్ర పట్టడం లేదు. "పాస్టర్‌గారు మారుమనస్సు అంటారు. నేను దేని గురించి మారుమనస్సు పొందాలి? 21 రోజులు ఉపవాసం ఉంటే శాంతి వస్తుందా?" అని అడిగారు.

మాస్టారికి వందనాలు.

ఉపవాసం వద్దు. షుగరుకి మాత్రలు వాడుతున్నానని మీరే రాశారు. వేళకి తిని అవి వేసుకోండి. ఆ ప్రశ్నకి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మీ ఉత్తరం నిండా మీ మంచితనమే. చివర్లో మాత్రం తమ్ముడి మీద ఒక ఫిర్యాదు రాశారు. యేసు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభు భోజనం రోజున మీరు రొట్టె పళ్ళెం పట్టుకుని వెనక వరుస దాకా వచ్చేసరికి అతను లేచి, బయట చెప్పుల దగ్గరికి వెళ్ళిపోతాడని. "అలాంటివాడికి దైవభయం ఉందంటారా?" అన్నారు. నాకైతే ఆ పూట చర్చిలో దైవభయం ఉన్నది అతనికే అనిపించింది. మీ చేతి రొట్టె తీసుకుంటూ లోపల మిమ్మల్ని తిట్టుకోవడం అతనికి చేతకాలేదు.

2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి వేళ్ళతో సహా లేచిపోయాయి. ఆ చెట్లు ఇంకా తోటలో అడ్డంగా పడి ఉండగానే తమ్ముడు మీ గుమ్మం ఎక్కాడు. ఆ నెలలో ఆ తోటకి ఏ రేటు పలుకుతుందో, నాలుగేళ్ళు పోతే ఎంత పలుకుతుందో లెక్కల మాస్టారికి తెలీదా? "మార్కెట్ రేటే ఇచ్చాను, సాక్షులున్నారు" అని రాశారు. ఉన్నారు. కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే మీ ప్రాణానికి వచ్చింది. దొంగతనమే చేసి ఉంటే ఈపాటికి ఏడ్చి, ఒప్పుకుని, తేలికపడేవారు.

తన మంచితనం ఏకరువు పెట్టిన పరిసయ్యుడు, పాపినని గుండెలు బాదుకున్న సుంకరి (పన్ను వసూలుదారు), ఆ ఉపమానం మీరు సండే స్కూల్లో ఎన్నేళ్ళు చెప్పారో, అది మళ్ళీ చెప్పను. అపొస్తలుడైన పౌలును తీసుకోండి. ఫిలిప్పీ పత్రిక మూడో అధ్యాయంలో ఆయనా మీలాగే చిట్టా విప్పుతాడు. ఎనిమిదో రోజున సున్నతి, బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రం దగ్గర వేలెత్తి చూపడానికి లేని బతుకు. మీ తాతగారి బాప్తిస్మం, మీ దశమభాగం లాంటివే అవన్నీ. అంతా చెప్పి, క్రీస్తు కోసం వాటిని పెంటతో సమానంగా ఎంచుతున్నానంటాడు. తన పాపాల్ని అన్న మాట కాదది, తన మంచినే అన్నాడు. దేని గురించి మారుమనస్సు అని అడిగారు కదా, మీ చిట్టా గురించే.

మన సంఘాల్లో ఒక జబ్బుంది. నేనూ ఆ బెంచీల మీద పెరిగినదాన్నే. సిగరెట్ కాల్చినవాణ్ణి ప్రభు భోజనపు బల్లకి దూరం పెడతాం, అన్నదమ్ముల వాటా దగ్గరికొచ్చేసరికి "వాళ్ళింటి గొడవ మనకెందుకు" అంటాం. ప్రభువేమో అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, మొదట సహోదరుడితో సమాధానపడమన్నాడు, మత్తయి ఐదో అధ్యాయంలో. వచ్చే నెల ఆ పళ్ళెం ఇంకొకరికి అప్పజెప్పండి.

అలాగని తోట తిరిగిచ్చేస్తే దేవుడి దగ్గర లెక్క సరిపోతుందని బయల్దేరకండి. అది కూడా చిట్టాలో ఇంకో వరుస అయి కూర్చుంటుంది. సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నది యేసు అతనింటికి వచ్చాకే. డబ్బు చెల్లించి ఆయన్ని రప్పించుకోలేదు. ముందు ఆ ఉపమానంలో సుంకరి అన్న మాట అనండి, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అని. దాని వెనక "కానీ" అని తగిలించకండి.

తమ్ముడింటికి పాస్టర్‌గారిని, పెద్దమనుషుల్ని వెంటబెట్టుకోకుండా వెళ్ళండి. "నీ కష్టంలో నేను బేరం చూసుకున్నాన్రా" అంటే చాలు, వివరణలొద్దు. మరదలు నాలుగు మాటలంటుంది, పడండి. తోట కావాలా, తేడా డబ్బు కావాలా అన్నది అతన్నే అడగండి. మీ అబ్బాయిలు అడ్డం పడతారు, వాళ్ళకి నచ్చజెప్పడం మీ పని. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితానికి దానపత్రం అని పేరు పెడితే పెట్టనివ్వండి. ఊళ్ళో మాత్రం "తమ్ముడికి దానమిచ్చాను" అన్న మాట మీ నోట రాకూడదు.