గొయ్యిని కాదు, పక్కన పోసిన కుప్పని చూడు

అల్లుడూ,

నెల్లూరు జిల్లా సైదాపురం వైపు పాత అభ్రకం గనుల మ్యాప్ గీస్తున్నావనీ, రెండు రోజులుగా ఉపగ్రహ ఫోటోల్లో ఒక్క గొయ్యీ దొరకలేదనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. టెన్షన్ పడకు. గొయ్యి కోసం వెతుకుతున్నావు గనుకే దొరకడం లేదు.

ఏళ్ల తరబడి వదిలేసిన గొయ్యి నోరు తెరుచుకుని ఉండదు. అంచులు విరిగి సగం పూడుతుంది, లోపల సర్కారు తుమ్మ కమ్ముకుంటుంది. పైనుంచి చూస్తే ఉత్త కంప. మరి తవ్వి పారబోసిన రాయి ఎక్కడికి పోతుంది? అభ్రకం, అదే మన కాకిబంగారం, దొరికేది పలుగురాయి, ఫెల్‌స్పార్ కలిసిన పెగ్మటైట్ అనే రాతిచారల్లో. కాకిబంగారం ఏరుకుని మిగతాదంతా పక్కనే పోశారు. ఆ కుప్పల మీద గడ్డి కూడా సరిగా మొలవదు. సున్నం చల్లినట్టు తెల్ల మచ్చ కనిపిస్తే ఆగు. దాన్ని ఆనుకుని కంప గుబురుగా ఉందేమో చూడు. ఒకటి దొరికిందా, అదే వరసలో ముందుకీ వెనక్కీ వెళ్లు. రాతిచార ఎటు పోతే తవ్వినవాళ్లూ అటే పోయారు, గోతులు పూసలు గుచ్చినట్టు వస్తాయి.

నేను మోసపోయింది నీడల దగ్గర. అప్పట్లో విమానం నుంచి అరవై శాతం ఒకదాని మీద ఒకటి పడేలా తీసిన నలుపు తెలుపు ఫోటోల్ని జతగా పెట్టి, ఎత్తుపల్లాలు తేల్చి చూపే స్టీరియోస్కోప్ కింద చూసేవాళ్లం. ఓసారి అది లేక, ఒక్క ఫోటోనే చూసి 'చిన్న గుట్ట' అని రాసుకున్నా. ఎక్కి చుట్టూ చూద్దామని బయల్దేరా. తీరా వెళ్తే ముప్పై అడుగుల గొయ్యి! మేకలు కాసే ముసలాయన చెయ్యి పట్టుకుని ఆపబట్టి సరిపోయింది. మన కంటికి వెలుగు పైనుంచి వస్తుందనే అలవాటు. చలికాలం ఉదయం సూర్యుడు ఆగ్నేయంలో, అంటే ఉత్తరం పైకి ఉన్న ఫోటోలో కింది మూల వైపు ఉంటాడు. అందుకే గొయ్యి గుట్టలా ఉబికి కనిపిస్తుంది. అనుమానం వస్తే ఫోటోని తలకిందులుగా తిప్పు. సూర్యుడున్న వైపు గోడే నీడలో ఉంటే అది గొయ్యి.

చెరువుతో పొరబడకు. చెరువుకి కట్ట పల్లం వైపే ఉంటుంది, కొడవలిలా వంగి. ఓ చివర నీళ్లు పొర్లిపోయే కలుజు, కింద మళ్లు. గనికి ఆయకట్టు ఎక్కడిది? గూగుల్ ఎర్త్‌లో పాత తేదీలకి వెళ్లి మే నెల ఫోటో తీసి చూడు. చెరువులన్నీ ఎండినా ఓ చిన్న గుంటలో నీళ్లుంటే అది లోతైన గని కావచ్చు, దిగుడుబావీ కావచ్చు. బావైతే పొలం మధ్య నలుచదరంగా ఉంటుంది.

చీమకుర్తి చూసిన కంటితో ఇక్కడ వెతక్కు. అక్కడ గ్రానైట్‌ని దిమ్మలుగా కోస్తారు కాబట్టి గోడలు నిటారుగా, మెట్లు మెట్లుగా ఉంటాయి. మార్కాపురం పలకల గనుల దగ్గరైతే కుప్పలే ముదురు రంగు, తెల్ల మచ్చ సూత్రం పనికిరాదు.

నేల మీదికి వెళ్లేటప్పుడు ఊళ్లో మేకలు కాసేవాళ్లని వెంట తీసుకెళ్లు. కుప్ప ఎక్కి చూడు గానీ గొయ్యి అంచున నిలబడకు, కింద డొల్లగా ఉంటుంది. ఆదివారం వస్తే అటక మీది స్టీరియోస్కోప్ దించి పెడతా.

మీ మామ