మీ ప్రశ్న – నా జవాబు: తేనెకు తెరిచిన తలుపు

ప్రశ్న: జార్జియా, మోల్డోవా ఐరోపా సమాఖ్యలో సభ్యదేశాలు కావు కదా. అయినా తమ ఆహార చట్టాలను దాని ప్రమాణాలకు తగ్గట్టు ఎందుకు మార్చుకుంటున్నాయి?
– డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: సరుకు అమ్ముకోవడానికమ్మా. కాకినాడలో రొయ్యల పరీక్షశాలలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. నా రోజుల్లో రొయ్యల్లో నైట్రోఫ్యురాన్ అనే యాంటీబయాటిక్ మందు అవశేషం వంద కోట్ల వంతుల్లో ఒక్క వంతు తేలినా ఐరోపా రేవులో సరుకు ఆపేసేవారు. అలా కంటెయినర్ తిరిగొచ్చిన వ్యాపారి ఒకాయన నా బల్ల ముందు కూర్చుని, "ఇంత పిసరు ఎవరి కడుపులో పడితే ఏమవుతుందండీ?" అన్నాడు. క్యాన్సర్ భయం గురించి అరగంట చెప్పాను. తల ఊపాడు కానీ విన్నట్టు లేదు. మరుసటి పంటకు మాత్రం, చెరువులో ఆ మందు వాడిన రైతుల దగ్గర కొనడం మానేశాడు. అది నా ఉపన్యాసం మహిమ కాదు.

ఆ రెండు దేశాలదీ ఇదే కథ. 2014 జూన్ 27న రెండూ సమాఖ్యతో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సుంకాలు ఎత్తేస్తారు, బదులుగా వీరు అక్కడి ప్రమాణాలను తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. సుంకం పోయినంత మాత్రాన జార్జియా తేనె వెళ్లిపోలేదు. పిల్లపురుగులకు తెగులు వస్తే చక్కెర పాకంలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపి పెట్టే అలవాటు తేనెటీగల పెంపకందార్లకు చాలా దేశాల్లో ఉంది. తేనెలో యాంటీబయాటిక్ ఇంతదాకా ఉండొచ్చని ఐరోపాలో అనుమతి అంటూ లేదు, అంటే అసలు తేలకూడదు. ఏటా శాంపిళ్లు తీసి పరీక్షించే ఏర్పాటు చూపిస్తేనే అక్కడ తేనె అమ్ముకోదగిన దేశాల జాబితాకు ఆ దేశం పేరు ఎక్కుతుంది. జార్జియా తేనెకు ఆ అనుమతి 2016 డిసెంబరులో గానీ రాలేదు.

మోల్డోవాకు వేరే తొందర ఉంది. దాని వైన్‌ను రష్యా 2006లో ఒకసారి, 2013లో మరోసారి నిషేధించింది. 2014 జనవరి నుంచి సమాఖ్య తన మార్కెట్‌ను ఆ వైన్‌కు పూర్తిగా తెరిచింది. పాత కొనుగోలుదారు మొహం చాటేసినప్పుడు కొత్తవాడి షరతుల మీద ఎవరు బేరమాడతారు?

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. నియమాలు రాసేది సమాఖ్య కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌లో, అక్కడ వీరికి ఓటు లేదు. పరీక్షల ఖర్చు పెద్ద ఎగుమతిదారుకు లెక్కలోకి రాదు గానీ, ఇరవై తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న చిన్న రైతుకు గుదిబండే.

ఇక సభ్యత్వమంటారా, అభ్యర్థి హోదా మోల్డోవాకు 2022లో, జార్జియాకు 2023లో వచ్చింది. 2028 చివరిదాకా సభ్యత్వ చర్చల ఊసెత్తబోమని జార్జియా ప్రభుత్వమే 2024 నవంబరులో ప్రకటించింది. వ్యాపార ఒప్పందాన్ని మాత్రం వదులుకోలేదు.