పది షిల్లింగుల పాట

చిరంజీవికి ఆశీస్సులు.

నాట్లు వేసే ఆడవాళ్ల పాటల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. రాత బాగుంది కానీ, ప్రతి పాట కిందా ‘సేకరణ’ అని నీ పేరొక్కటే ఉండడం నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే సాలమన్ లిండా సంగతి చెప్పాలి.

ఆయన దక్షిణాఫ్రికాకు చెందిన జులూ గాయకుడు. జొహానెస్‌బర్గ్‌లో గాలో అనే రికార్డుల కంపెనీలో సరుకు సర్దే పని చేస్తూ, 1939లో ఆ కంపెనీ స్టూడియోలోనే తన బృందంతో ‘ఎంబూబె’ పాడాడు. ఎంబూబె అంటే సింహం. ఆ పాటకు ఆయనకు ముట్టింది పది షిల్లింగులు. రికార్డు అమెరికా చేరాక అక్కడి గాయకులు ‘ఉయింబూబె’ (నువ్వు సింహానివి) అన్న మాటను చెవికి తోచినట్టు ‘విమొవె’ అని రాసుకున్నారు. 1961లో దానికే ఇంగ్లీషు మాటలు కట్టి, ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ పేరుతో విడుదల చేస్తే అది ఆ దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. కర్తలుగా తెల్లవాళ్ల పేర్లు పడ్డాయి. మరుసటి ఏడే లిండా పేదవాడిగా పోయాడు. సమాధి మీద రాయి పెట్టించే స్తోమత కూడా ఆయన భార్యకు లేకపోయింది.

కాపీరైట్ చట్టంలో జాతి అన్న మాట ఎక్కడా కనపడదు. కాగితం ఉందా, సంతకం ఉందా అని మాత్రమే అది అడుగుతుంది. వకీలునూ బేరమాడే బలాన్నీ ఒక జాతికే దక్కనిచ్చిన దేశంలో ఆ రెండు ప్రశ్నలు ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. (చదవకుండా సంతకం పెట్టి, నా మొదటి పుస్తకం హక్కులు పోగొట్టుకున్నవాణ్ణి నేనూ, అయితే చదవగలిగి ఉండీ చదవకపోవడం నా తప్పు.) విచిత్రమేమిటంటే, చివరికి లిండా కూతుళ్లను ఆదుకున్నదీ బ్రిటిష్ సామ్రాజ్యపు చట్టమే. మన దేశంలోనూ ఒకప్పుడు అమలైన 1911 నాటి ఆ చట్టం ప్రకారం, కర్త రాసిచ్చేసిన హక్కులు ఆయన చనిపోయిన 25 ఏళ్లకు వారసులకు తిరిగివస్తాయి. దాన్ని పట్టుకునే, ఆ పాటను ‘ద లయన్ కింగ్’ సినిమాలో వాడుకున్న డిస్నీ మీద 2004లో దావా పడింది, 2006లో రాజీ కుదిరింది.

మన చట్టానికి 2012లో చేసిన సవరణ తరువాత, సినిమా పాట రాసిన కవి, ఆ పాట సినిమాతో పాటు థియేటర్లో ఆడడానికి తప్ప మిగతా వాడకాలకు వచ్చే తన రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకుంటానని రాసిచ్చినా చెల్లదు. నాట్లలో పాడే మనిషికి అటువంటి అండ లేదు. అయినా నీ ఫోన్‌లో ఉన్న ఆ గొంతు మీద ప్రదర్శకురాలిగా ఆమెకు హక్కు ఉంది. అడగకుండా రికార్డు చేసి ఉంటే తప్పు నీదే.

అందుచేత మళ్లీ వెళ్లు. ఆమెకు ఇష్టమైతేనే పాట కింద ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాయి. డబ్బు వస్తే ఎంత వాటా ఇస్తావో కాగితం మీద పెట్టి, ఆమెకు చదివి వినిపించు. మూడో పాటలో ఆమె ‘సాలు’ అని పాడిందనుకుంటాను, నాగేటి సాలు. నువ్వు ‘చాలు’ అని దిద్దడంతో ఆమె ఇక చాలన్నట్టు అయింది. దాన్ని మరొక్కసారి పాడించుకుని విను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి